కడుపులో ఎనిమిది వందల రకాలు

కడుగుడుకు ఇంకా పంతొమ్మిది రోజులు

ఈ పుస్తకం డాక్టరమ్మ ఇచ్చింది. రోజూ ఏం తిన్నానో, ఎన్నిసార్లు దొడ్డికి వెళ్ళానో, ఎలా వెళ్ళానో రాయమంది. తనకు తప్ప ఎవరికీ చూపించనక్కర్లేదట. ఐదో తరగతి దాకా చదివాను కాబట్టి రాయడం వచ్చు. కానీ ఇలాంటి సంగతి కాగితం మీద పెట్టాలంటే చెయ్యి ఆడలేదు. తేదీ వేసి, మా గల్లీకి పెద్ద వంటింటి నుంచి తిండి ముద్దలు తెచ్చే వంతు నాదేనని గుర్తొచ్చి లేచిపోయాను. తిరిగొచ్చి ఇప్పుడు రాస్తున్నాను.

తిన్నది: రెండు ముద్దలు, మరిగించిన నీళ్ళు. వెళ్ళింది: ఒకసారి. మామూలుగానే.

పోయిన వారం డాక్టరమ్మ మా ఇంటి నుంచి దొడ్డి పరీక్షకు మూడు డబ్బీలు తీసుకుపోయింది. ఒకటి నాది, ఒకటి నా భర్త ఓదెలుది, ఒకటి మా ఆడబిడ్డ జమునది. జమున నాలుగోసారి పడకెక్కింది. మందు వాడినన్ని రోజులు విరేచనాలు కట్టుకుంటాయి. ఆపిన వారానికి మళ్ళీ మొదలు. పైన ఎండలకు తాళలేక జనం దిగి ఇళ్ళు పెట్టుకున్న మా బొగ్గు బాయిలో ఈ రోగాన్ని మళ్ళొచ్చుడు అంటారు. పోయిన ఏడు ఇద్దరు దీనితోనే పోయారు. ఇప్పుడు జమునతో కలిపి ఆసుపత్రిలో ఐదుగురున్నారు.

ఇవాళ డాక్టరమ్మ నన్నొక్కదాన్నే పిలిచి తలుపు వేసింది.

"గడప కాడ మందు తాగినవా బిడ్డా?"

పైనుంచి బాయిలోకి ఎవరొచ్చినా లిఫ్టు దగ్గరి గదిలో ఏడు రోజులుండాలి. రోజుకొక గ్లాసు కడుగు మందు తాగాలి. పేగుల్లో ఉన్నదంతా చచ్చాక కంటికి కనపడని పన్నెండు రకాల మంచి పురుగుల పొడి ఒక పొట్లం ఇస్తారు. అది మింగితే లోపలి మనిషి అయినట్టు. లోపలివాళ్ళు కూడా ఏడాదికొకసారి, కడుగుడు రోజు, అందరూ కలిసి ఇదే మందు తాగాలి. నేను పై ఊరి నుంచి కోడలిగా వచ్చినప్పుడు ఆ గదిలో ఆరుగురు మగవాళ్ళున్నారు. ఉన్నది ఒక్కటే దొడ్డి, దానికి తలుపు లేదు, గోనెపట్టా కట్టారు. మందు తాగితే పొద్దు గడిచేలోపు ఇరవైసార్లు లేవాలి. రెండు రోజులు తాగాను. మూడో రోజు నుంచి గ్లాసు తీసుకుపోయి మోరీలో పోశాను. పెళ్ళయి పది నెలలైనా ఈ మాట ఓదెలుకు కూడా చెప్పలేదు.

"చెప్పు. నేనేం తిట్ట."

"రెండు రోజులే" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు నవ్వింది. తర్వాత కళ్ళు తుడుచుకుంది.

"మా కడుపులల్ల పన్నెండు రకాలే ఉంటయి. నీ కడుపుల ఎనిమిది వందలు లెక్కవెట్టిన. ఇంకా ఉన్నయి, లెక్కవెట్టే ఓపిక లేక ఆపిన."

"అవి పురుగులే కదమ్మా."

"పురుగులే. జమున కడుపు ఇప్పుడు ఖాళీ ఇల్లు. మందు పోసి పోసి ఉన్నోళ్ళందరిని వెళ్ళగొట్టినం. ఆ రోగం పురుగు మాత్రం గింజ లెక్క ముడుచుకొని మూలకు పంటది. మందు ఆపంగనే లేసి ఇల్లంతా తనదే అంటది. నీ కాడి మంది పోయి ఆ ఇంట్ల కూసున్నరనుకో, ఇగ దానికి జాగ దొరకది."

"వాళ్ళు ఎట్ల పోతరమ్మా?"

ఎలా పోతారో చెప్పింది. నేను కొంగు నోట్లో కుక్కుకుని నేల చూస్తూ కూర్చున్నాను.

"మేనేజరు సారుకు చెప్పాలె కదా" అన్నాను చివరికి.

"అడిగితే కాదంటడు. అందుకే అడుగ."

పదిహేడు రోజులు

తిన్నది: రెండు ముద్దలు. వెళ్ళింది: ఒకసారి. గట్టిగా.

రక్తం తీసి పరీక్ష చేశారు. నాలో చెడ్డ రోగాలేవీ లేవట. జమునతో మాట్లాడే పని నాకే అప్పగించారు.

జమునకు పంతొమ్మిదేళ్ళు. లాంపు గదిలో దీపాలకు చార్జింగు పెట్టే పని. మంచిగా ఉన్న రోజుల్లో దాని నోటికి గస్తీ తిరిగే సర్దార్లు కూడా జంకేవాళ్ళు. ఇప్పుడు దాని గాజులు మోచేయి దాటి పైకి ఎక్కుతున్నాయి. తూకం ముప్పై నాలుగు కిలోలు.

"జమునా, ఒక మాట చెప్త. నవ్వద్దు."

"నవ్వే బలముంటే ఈడెందుకు పండుకుంట వదినె."

చెప్పాను. మధ్యలో రెండుసార్లు ఆగాను. అది కళ్ళు మూసుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను.

"ఎవలైనా ఆడిబిడ్డకు చీర పెడ్తరు" అంది. "నువ్వు గిదా పెట్టేది."

"వద్దంటే వద్దు."

"వద్దంటలేనే. నిన్న ఏం తిన్నవ్?"

"ముద్దలు."

"మంచిగ తిను మల్ల. వచ్చేది నాకే."

పద్నాలుగు రోజులు

తిన్నది: రెండు ముద్దలు, డాక్టరమ్మ ఇచ్చిన అరటిపండు. వెళ్ళింది: ఒకసారి, మూత డబ్బాలో.

డబ్బాను తువాలులో చుట్టి మూడో లెవల్ నుంచి ఆసుపత్రికి నడిచాను. మలుపు దగ్గర సర్దార్ ఆపాడు.

"ఏంది పిల్లా, సద్దిమూటా?"

"ఆడిబిడ్డకు" అన్నాను. అబద్ధం కాదు.

"చల్లారక ముందే పెట్టు" అన్నాడు. ఆ మాటకు నవ్వొచ్చి ఆసుపత్రి దాకా పళ్ళు బిగబట్టుకుని నడిచాను.

డాక్టరమ్మ దాన్ని తూచి, ఉప్పు నీళ్ళు పోసి మిక్సీలో తిప్పింది. మూడుసార్లు సన్న బట్టలో వడగట్టింది. టీ వడగట్టినట్టే ఉంది. జమున ముక్కులోంచి సన్నటి గొట్టం కడుపు దాకా దింపి, పెద్ద సిరంజితో కొంచెం కొంచెంగా ఎక్కించింది. అరగంట పట్టింది. జమున నా వేళ్ళు పట్టుకుని గోడ వైపు చూస్తూ పడుకుంది. వాసన రాలేదు, రుచి తెలియలేదు అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఇగ నీతోని కొట్లాడరాదు, లోపటంత నువ్వే ఉన్నవ్" అంది.

పదకొండు రోజులు

జమున మూడు రోజుల్లో మూడుసార్లే వెళ్ళింది. నిన్న గట్టిగా వెళ్ళిందని నర్సు వచ్చి చెప్తే పెళ్ళి కబురు విన్నట్టు అనిపించింది. దువ్వెన అడిగింది. రెండు ముద్దలు తిని మూడోది కావాలంది. ఇవాళ సాయంత్రం ఇంటికి పంపారు. ఒళ్ళు కొంచెం వెచ్చగా ఉంది, ఒకటి రెండు రోజులు అలా ఉండొచ్చని డాక్టరమ్మ చెప్పింది.

ఇది ముందే రాయాల్సింది. రాయడానికి మనసు రాక అటూ ఇటూ తిరిగాను. నేను నీళ్ళకు పోయి వచ్చేసరికి ఓదెలు నిద్రమత్తులో ఉన్న చెల్లెలికి కడుగు మందు తాగించాడు.

తప్పు ఆయనదని ఎలా అనను? బాయిలో ప్రతి ఇంట్లో అరుగు మీద ఆ సీసా ఉంటుంది. ఒళ్ళు వెచ్చబడితే ఒక మూత తాగిస్తారు. వేలు తెగితే ఒక మూత. పిల్లలు మారాం చేస్తే కూడా ఒక మూత. ఆయన పుట్టినప్పటి నుంచీ అదే చూశాడు. మాకు ముగ్గురికే తెలిసిన సంగతి ఆయనకు చెప్పనిది నేను.

"ఒక్క మూతే తాపిన" అన్నాడు. నా మొహం చూసి భయపడ్డాడు. "ఏమైందే?"

అప్పుడు చెప్పాను. గోనెపట్టా గది, మోరీ, ఎనిమిది వందలు, గొట్టం, అన్నీ. ఓదెలు బాయికి గాలి పంపే పంకా మిషన్ల మేస్త్రీ. చేతిలో పానా లేకపోతే ఆయనకు మాట తోచదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని నేను ముద్దలు తెచ్చే గిన్నె వైపు చూశాడు. ఆ చూపుకు నేను చచ్చిపోయాను.

"పది నెలల నుంచి నీ చేతి కూడే తింటున్న" అన్నాడు.

"తింటున్నవ్."

"నాకేం కాలె."

"ఏమన్న అయిందా మల్ల?"

"లావైన" అన్నాడు. లేచి సీసా తీసుకుపోయి బయట పారేసి వచ్చాడు. ఆ తర్వాత గోడకు తల ఆనించి, చెల్లెలు వినకుండా ఏడ్చాడు.

తొమ్మిది రోజులు

తిన్నది: గుర్తు లేదు. వెళ్ళింది: ఒకసారి.

జమునకు మళ్ళీ వచ్చింది. ఇవాళ పద్నాలుగుసార్లు. ముప్పై మూడు కిలోలు.

డాక్టరమ్మ లెక్క ఇది. రోగం పురుగును అణచడానికి రేపటి నుంచి మందు ఎనిమిది రోజులివ్వాలి. ఆ తర్వాత ఒక రోజు ఖాళీ వదలాలి. అప్పుడే నాది ఎక్కించాలి, లేకపోతే ఆ మందే నా పురుగుల్ని కూడా చంపుతుంది. ఎలా లెక్కపెట్టినా కడుగుడు మర్నాటికి తేలుతోంది. కడుగుడు రోజు బాయిలో ప్రతి మనిషీ సర్దార్ ఎదుట గ్లాసు ఎత్తాలి. నేనూ ఎత్తాలి.

"ముందే తీసి మంచుపెట్టెల పెట్టరాదా అమ్మా?"

"మంచుపెట్టె మేనేజరు స్టోరుల ఉన్నది. తాళం ఆయన కాడనే. పెట్టినా ఒక్కసారికి అయితది. ఇంకా నలుగురున్నరు. వచ్చే ఏడు కడుగుడుకు జమున మల్ల తాగాలె. మల్ల మొదటికే వస్తం. ఇగ అడుగుడే బిడ్డా."

ఆరు రోజులు

మేనేజరు సారు మా ఇంటికి వచ్చాడు. ఆయన చెడ్డవాడని రాయలేను. ముసలాయన, గొంతు పెంచి మాట్లాడడు. జమున తల మీద చెయ్యి వేశాడు. ఓదెలు స్టూలు తుడిచి వేశాడు.

"నాకు ఎనిమిదేండ్లప్పుడు పైనుంచి ఒకడు కలరా తెచ్చిండు" అన్నాడు. "రెండో లెవల్ల మూడు వందల మంది పోయిన్రు. మా నాయిన, మా అవ్వ, ఇద్దరు చెల్లెండ్లు. అప్పటి సంది కడుగుడు పెట్టినం. అప్పటి సంది కలరా లేదు. డాక్టరమ్మ నీ కడుపుల ఎనిమిది వందలున్నయంటది. అండ్ల ఏది ఏందో ఆమెకు తెలుసా? నీకు తెలుసా?"

నేను తలుపు వెనక నిలబడి ఉన్నాను. తెలియదు.

"నువ్వు మంచిపిల్లవే. మోరీల పోసిన సంగతి నేను మరిచిపోత. ఆరు రోజులైనంక అందరితోని గ్లాసు తాగు, అంతే. తాగనోళ్ళు పైకి పోవాలె. అది నా మాట కాదు, బాయి మాట."

"నా చెల్లె సార్" అన్నాడు ఓదెలు.

"తెలుసు కొడుకా" అని లేచాడు.

ఆయన ఎదుట ఒక్క మాట కూడా అనలేకపోయాను. ఇప్పుడు ఇక్కడ అంటున్నాను. సారూ, మీ వాళ్ళు మూడు వందల మంది పోయారు, నాకు బాధగానే ఉంది. ఆ కలరా మనిషిని ఆపడానికి మందు పెట్టారు, మంచిదే. కానీ పోయిన ఏడు పోయిన ఇద్దరిని చంపింది పైనుంచి వచ్చిన పురుగు కాదు. అది మీ పన్నెండింటి మధ్య పుట్టిందే. దాన్ని ఆపేవి నా దగ్గరున్నాయి. నేను దొంగతనం చేయలేదు. మా అమ్మ నుంచి, మేకపాల నుంచి, మట్టి నుంచి, పులిసిన అంబలి నుంచి వచ్చాయి. మీరు పరీక్ష చేయించుకోండి, రోగముంటే నన్ను ఆపండి. లేకపోతే ఎందుకు చంపాలి?

పుస్తకంలో రాసినంత తేలికగా నోటితో వస్తే ఎంత బాగుండును. రేపటి నుంచి ఓదెలు ఎదుట కూర్చుని అభ్యాసం చేస్తాను.

ఇవాళ కడుగుడు

తిన్నది: ఒక ముద్ద. వెళ్ళింది: రెండుసార్లు, భయానికి.

పెద్ద హాలులో లెవల్ వారీగా వరసలు కట్టారు. మైకులో పేర్లు పిలుస్తున్నారు. పేరు పిలవగానే పోయి, బల్ల మీది గ్లాసు ఎత్తి తాగి, నోరు తెరిచి చూపించాలి. మూడో లెవల్ పేర్లు మొదలయ్యాయి. నా ముందు నలభై మంది, నా వెనక ఇంకా ఎందరో.

"కొంరవ్వ, ఓదెలు భార్య."

పోయాను. గ్లాసు నా ముందు పెట్టారు. మొన్న మలుపు దగ్గర ఆపిన సర్దారే.

"తాగ" అన్నాను.

"ఏంది?"

మళ్ళీ చిన్న గొంతుతోనే వచ్చింది. నాకే కోపం వచ్చింది. బల్ల మీద మైకు ఉంది, దాని దగ్గరికి వంగాను.

"నేను తాగ. నా ఆడిబిడ్డకు రేపు నా కడుపుల ఉన్నదే మందు. ఆసుపత్రిల ఇంకా నలుగురున్నరు, వాళ్ళకు కూడ అదే. ఇది తాగితే ఐదుగురిని నేను చంపినట్టు. నేను చంప."

హాలు మొత్తం మీద ఆ మాట తిరిగి నా చెవుల్లో పడింది. మధ్యలో ఎవరో ముసలామె, "ఏం మందట?" అని అడిగింది. పక్కనామె చెవిలో చెప్పింది. "ఛీ" అంది ముసలామె. మళ్ళీ ముందుకు వంగి, "పని జేత్తదా?" అని అడిగింది.

మేనేజరు సారు తన కుర్చీలోంచే అన్నాడు, "పైకి పోవాలె బిడ్డా మల్ల."

"పోత సార్. మీరు పొమ్మన్నరని కాదు. ఈడ దొరకని జాగ ఆడ దొరుకుతది."

ఓదెలు పేరు పిలిచారు. ఆయన గ్లాసు దగ్గరికే పోలేదు. వెనక గోడ దగ్గర స్ట్రెచర్ మీద ఉన్న జమున దగ్గరికి పోయి ఒక కొస పట్టుకున్నాడు. రెండో కొస ఎవరు పడతారని చూస్తే నా ముందు వరసలో ఉన్నామె వచ్చి పట్టింది. ఆసుపత్రిలో ఉన్న నలుగురిలో ఒకరు ఆమె తమ్ముడట. ఆమె అప్పటికే తాగేసింది. "నోరు ముందు తెరవకపోతివి" అని దారి పొడవునా నన్ను తిట్టింది.

పైకి వచ్చి రెండో రోజు

తిన్నది: మా ఊరివాళ్ళు రాత్రి తెచ్చిన జొన్న అంబలి రెండు గ్లాసులు, మేక మజ్జిగ. వెళ్ళింది: ఒకసారి, మూత డబ్బాలో.

మేం బాయి నోటి దగ్గర పంకా గదిలో ఉన్నాం. లోపలికి గాలి పంపేది ఈ పంకానే. దాన్ని చూడడానికి ఓదెలు తప్ప మనిషి లేడు కాబట్టి ఇక్కడ ఉండవద్దని ఎవరూ అనలేదు. పొద్దెక్కాక బయట అడుగు పెట్టలేం, అరికాళ్ళు కాలతాయి. ఎండకు జమున కళ్ళు తెరవలేక తువాలు కట్టుకుంది.

డాక్టరమ్మ సంచీ పట్టుకుని లిఫ్టులో వచ్చింది. తిరిగి దిగేటప్పుడు గడప దగ్గర ఏడు రోజులుండి మందు తాగాలట. "నావి పన్నెండే కదా, పోతే పోయినయి" అంది. గొట్టం, బట్ట, ఉప్పు నీళ్ళు, సిరంజి. ఈసారి జమునకు నా వేళ్ళు పట్టుకునే బలం కూడా లేదు. నేనే పట్టుకున్నాను.

ఏమవుతుందో తెలియదని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. ఓదెలు పంకా పక్కన కూర్చుని, "ఒక్క గంట దీన్ని ఆపితే మేనేజరే పైకి ఉరికొస్తడు" అన్నాడు.

"అట్ల అనకు. ఆళ్ళు గాలి పీల్చాలె" అన్నాను.

"ఊకె అన్న."

"ఊకె కూడ అనకు."

ఎనిమిదో రోజు

జమున: ఒకసారి. గట్టిగా.

ఇది నా పుస్తకమే కానీ ఇవాళ దానిదే రాస్తున్నాను.

పదమూడో రోజు

తిన్నది: అంబలి, ఉల్లిగడ్డ. వెళ్ళింది: ఒకసారి. డబ్బా కడిగి ఎండలో పెట్టాను.

మిగిలిన నలుగురూ ఐదో రోజున స్ట్రెచర్ల మీద వచ్చారు. పంకా గదికి ఆనించి ఓదెలు లేపిన రెండు మట్టి అర్రల్లో పడుకోబెట్టాం. కడుగుడు రోజు నన్ను తిట్టిన ఆమె తమ్ముడు కూడా. నలుగురికీ ఎక్కించాకే డాక్టరమ్మ కిందికి దిగింది. ముగ్గురు లేచి కూర్చుంటున్నారు. ఒకాయనకు రెండోసారి ఎక్కించాలి. నిన్న రోగం లేని ఇద్దరు కూడా వచ్చారు, భార్యాభర్తలు. పిల్ల పుడితే దాని కడుపు పన్నెండుతో మొదలుకావద్దని అనుకున్నారట. వాళ్ళకు ఏం చెప్పాలో తెలియక అంబలి పోశాను. డాక్టరమ్మ రాసిన చీటీ ప్రకారం వచ్చిన ప్రతివాళ్ళ రక్తం, డబ్బీ ముందు పరీక్షకు కిందికి పంపుతున్నాం. మేనేజరు సారు భయం తప్పని నేననను. పరీక్ష చేస్తాం. కడగం.

పొద్దున కింది నుంచి మాట వచ్చింది. తిరిగి రావాలనుకునేవాళ్ళు గడప దగ్గర మందు తాగాలి. తాగితే మళ్ళొచ్చుడు మళ్ళీ వస్తుంది. ఎవరేం చేయాలో నేను చెప్పలేదు. నలుగురూ వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకున్నారు. చివరికి ఆ తమ్ముడే అడిగాడు, "అక్కా, ఈడ గోడలకు మట్టి యాడ మంచిది?"

పదకొండు గంటలప్పుడు పంకా గదిలో గోడ ఫోను మోగింది. ఓదెలు ఎత్తి, విని, నాకు ఇచ్చాడు. నాతోనే మాట్లాడాలట. నేను అంతకుముందు ఫోను పట్టుకోలేదు. తీగ ఎంత పొడవుంటే అంత దూరం పోయి నిలబడ్డాను.

మేనేజరు సారు. "ఎట్లున్నది పిల్ల?" అని అడిగాడు ముందు.

"మంచిగున్నది సార్."

"ఎన్నొద్దులు ఉంటరు బిడ్డా, ఆ ఎండల?" అన్నాడు.

గుమ్మంలోంచి చూశాను. నీడ ఉన్న పక్కన జమున తువాలు తలకు చుట్టుకుని వంగి ఉంది. మట్టి తట్ట నడుము మీద పెట్టుకుని లేవబోయి, లేవలేక, మళ్ళీ దింపి, సగం మట్టి తీసేసింది. ఈసారి లేచింది. నాలుగు అడుగులు వేసి ఓదెలు కాళ్ళ దగ్గర కుమ్మరించింది.

"గోడ పెడ్తున్నం సార్" అన్నాను. "ఇది మూడో అర్రకు. మీకేమన్న మాట్లాడేది ఉంటే పైకి రండ్రి. పొద్దెక్కక ముందు రండ్రి, కాళ్ళు కాలుతయి."